ఒక్క సీటుతో మారిన సర్కారు: లోయర్ శాక్సనీ 2013 లెక్క

జర్మనీలో ఒక రాష్ట్ర ప్రభుత్వం ఎలా దిగుతుందో, ఇంకొకటి ఎలా ఎక్కుతుందో ఒకే ఎన్నికతో నేర్చుకోవాలంటే లోయర్ శాక్సనీ 2013 ఎన్నికను మించింది లేదు. రెండు ఓట్ల పద్ధతి, సీట్ల పంపకం, రహస్య ఓటింగు, ఢిల్లీలాంటి కేంద్రంతో రాష్ట్రానికుండే పేచీ, చివరికి ఫిరాయింపు, అన్నీ ఈ ఒక్క కథలోనే దొరుకుతాయి.

2013 జనవరి 20, ఆదివారం. సాయంత్రం ఆరింటికి పోలింగ్ ముగిసింది. ఆరు కొట్టగానే టీవీల్లో ఎగ్జిట్ పోల్ వచ్చింది: రెండు కూటములూ నువ్వా నేనా అన్నట్టున్నాయి. అర్ధరాత్రి దగ్గర పడేదాకా ఎవరు గెలిచారో తేలలేదు. చివరికి తేలింది ఇది. మితవాద సీడీయూ 36.0 శాతం, వామపక్షం వైపు మొగ్గే ఎస్‌పీడీ 32.6, పర్యావరణవాదుల పార్టీ గ్రీన్స్ 13.7, వ్యాపారవర్గాలకు దగ్గరైన ఎఫ్‌డీపీ 9.9. సీట్లు వరసగా 54, 49, 20, 14. మొత్తం 137. అప్పటిదాకా ఏలుతున్న సీడీయూ, ఎఫ్‌డీపీ కలిస్తే 68. ఎస్‌పీడీ, గ్రీన్స్ కలిస్తే 69. రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద పార్టీగా నిలిచిన సీడీయూ ప్రతిపక్షంలో కూర్చుంది.

కాస్త వెనక్కి వెళ్దాం. సీడీయూ, ఎఫ్‌డీపీ ఆ రాష్ట్రాన్ని 2003 నుంచి ఏలుతున్నాయి. ముఖ్యమంత్రిగా ఉన్న క్రిస్టియాన్ వుల్ఫ్ 2010లో జర్మనీ రాష్ట్రపతి కావడంతో, ఆ ఏడాది జులై 1న డేవిడ్ మెకాలిస్టర్ ఆ కుర్చీలోకి వచ్చాడు. తండ్రి స్కాట్లాండ్‌వాడు, అందుకే ఆ ఇంటిపేరు. మనిషికి మంచి ఆదరణ ఉంది. చిక్కంతా భాగస్వామి ఎఫ్‌డీపీతోనే. ఎన్నికల ముందు సర్వేల్లో ఆ పార్టీ ఐదు శాతం దగ్గర ఊగిసలాడింది. ఐదు శాతం కూడా రాని పార్టీకి అక్కడ సీట్ల పంపకంలో వాటా ఉండదు. ఎఫ్‌డీపీ మునిగితే మెకాలిస్టర్ కూడా మునుగుతాడు. అవతల ఎస్‌పీడీ తరఫున రాష్ట్ర రాజధాని హానోవర్ మేయర్ స్టెఫాన్ వైల్ నిలబడ్డాడు.

ఇక్కడ రెండు ఓట్ల సంగతి సరిగ్గా అర్థం కావాలి. ఓటరు చేతికి ఒకే బ్యాలెట్ కాగితం ఇస్తారు, దానిమీద రెండు గుర్తులు పెట్టాలి. మొదటి ఓటు నియోజకవర్గంలోని అభ్యర్థికి. మన అసెంబ్లీ ఎన్నికల్లాగే, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లదే సీటు. లోయర్ శాక్సనీలో అలాంటి నియోజకవర్గాలు 87. రెండో ఓటు పార్టీకి. సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు రావాలో తేల్చేది ఈ రెండో ఓటే. ఆ వాటాలోంచి ముందు నియోజకవర్గాల్లో గెలిచినవాళ్లను తీసేసి, మిగిలిన సీట్లను పార్టీ జాబితా నుంచి నింపుతారు. రెండోది అన్న పేరు చూసి దాన్ని చిల్లర ఓటు అనుకునేవాళ్లు జర్మనీలోనే చాలామంది ఉన్నారు. పేరు పెట్టడంలోనే పొరపాటు జరిగిందని నా గట్టి అభిప్రాయం. ప్రభుత్వాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ ఆ ఓటే.

ఎఫ్‌డీపీని గట్టెక్కించాలని సీడీయూ మద్దతుదారులు చేసింది కూడా దానితోనే. మొదటి ఓటు సొంత పార్టీ అభ్యర్థికి వేసి, రెండోది ఎఫ్‌డీపీకి ఇచ్చారు. దీన్ని జర్మన్‌లో అప్పు ఓటు అంటారు, మాట ముచ్చటగా ఉంటుంది. ఓటు ఎటునుంచి ఎటు పోయిందో అంచనా వేసే సంస్థల లెక్కలో సీడీయూ నుంచి ఎఫ్‌డీపీకి అలా సుమారు లక్ష ఓట్లు వెళ్లాయి. ఐదు శాతం కోసం ఏడ్చిన పార్టీకి దాదాపు పది శాతం వచ్చింది. 2008లో 42.5 శాతం ఉన్న సీడీయూ 36కు జారింది. మరునాడు అందరూ అన్న మాట ఒకటే: అప్పు ఇచ్చి ఇల్లు పోగొట్టుకున్నారని. వినడానికి బాగుంది గానీ లెక్క అలా చెప్పదు. కాగితం, పెన్ను తీసుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది.

సీట్లు పంచడానికి లోయర్ శాక్సనీ వాడేది డి హోంట్ పద్ధతి. నాలుగు పార్టీల ఓట్లనూ ఒకే సంఖ్యతో భాగించాలి. వచ్చినదాంట్లో దశాంశాలు పూర్తిగా వదిలేయాలి, 0.9 ఉన్నా పైకి సవరించకూడదు. మిగిలిన పూర్ణ సంఖ్యలు కూడితే సభలోని సీట్ల మొత్తం రావాలి. రాకపోతే భాగించే సంఖ్యను కొంచెం అటో ఇటో జరపాలి. అధికారులు అసలు ఓట్లతోనే వేస్తారు. శాతాలతో వేసినా ఇక్కడ ఫలితం అదే.

మామూలుగా సభలో 135 సీట్లు. 0.67తో భాగించి చూడండి. సీడీయూకి 53.73, ఎస్‌పీడీకి 48.66, గ్రీన్స్‌కి 20.45, ఎఫ్‌డీపీకి 14.78 వస్తాయి. దశాంశాలు కొట్టేస్తే 53, 48, 20, 14. కూడితే సరిగ్గా 135. కానీ ఆ రోజు సీడీయూ 54 నియోజకవర్గాల్లో గెలిచింది (మిగతా 33 ఎస్‌పీడీవి). వాటాకన్నా ఒకటి ఎక్కువ. గెలిచిన అభ్యర్థిని ఇంటికి పొమ్మనలేరు కదా. అందుకని అక్కడి చట్టం ఏం చేస్తుందంటే, ఎక్కువైన సీట్లకు రెట్టింపు సంఖ్యను సభకు కలుపుతుంది. ఒకటి ఎక్కువైంది, రెండు కలిపారు, సభ 137 అయింది. మళ్లీ పంచాలి. ఈసారి 0.665తో: 54.14, 49.02, 20.60, 14.89. అంటే 54, 49, 20, 14. ఆ రాత్రి వచ్చిన ఫలితం ఇదే.

ఇప్పుడు ఎఫ్‌డీపీ దగ్గరున్న ఆ 0.89 చూడండి. ఇంచుమించు ఒక పూర్తి సీటు గాలిలో కలిసిపోయింది. డి హోంట్ పద్ధతి ఎప్పుడూ పెద్ద పార్టీలకే కొంచెం అనుకూలం, తోక కత్తిరించినప్పుడు చిన్న పార్టీకే ఎక్కువ నొప్పి. ఎస్‌పీడీ చూస్తే 49.02 దగ్గర, గడప మీద కాలు పెట్టి లోపలికొచ్చింది. చెల్లిన ఓట్లు సుమారు 35 లక్షలు. అందులో ఎఫ్‌డీపీకి బయటినుంచి మరో రెండు మూడు వేలు వచ్చి ఉంటే పదిహేనో సీటు దానికి దక్కేది, ఎస్‌పీడీకి నలభై తొమ్మిదోది పోయేది. 69, 68 తారుమారయ్యేవి. కాబట్టి ఓట్లు అప్పు ఇవ్వడం వల్ల ఓడిపోయారన్న మాట నిలవదు. సీడీయూ నుంచి ఎఫ్‌డీపీకి వెళ్లిన ఓటు కూటమిలోనే ఉంది. రెండు పార్టీలవీ కలిపితే 45.9 శాతం. అవతలివాళ్లవి 46.3. కూటమిగానే 0.4 శాతం వెనకబడ్డారు, అసలు ఓటమి అక్కడుంది.

ఇంకో లెక్క వేస్తే మరీ ఆశ్చర్యం వేస్తుంది. సీడీయూ మరొక్క నియోజకవర్గం గెలిచిందనుకోండి, 55. వాటాకన్నా రెండు ఎక్కువ, కనుక సభకు నాలుగు కలిపి 139 చేయాలి. 0.654తో భాగిస్తే 55.05, 49.85, 20.95, 15.14. దశాంశాలు తీసేస్తే 55, 49, 20, 15. సీడీయూ, ఎఫ్‌డీపీకి 70. ఎస్‌పీడీ, గ్రీన్స్‌కి 69. ఒక్క రెండో ఓటు కూడా మారకుండానే ప్రభుత్వం మారిపోయేది, అదీ తక్కువ ఓట్లు వచ్చిన కూటమి చేతికి. ఇది ఊహకందని సంగతేమీ కాదు. హిల్డెస్‌హైమ్ నియోజకవర్గంలో సీడీయూ కొద్ది వందల ఓట్లతోనే ఓడింది. ఎక్కువైన సీట్లను సరిచేయడానికి పెట్టిన నియమమే ఒక్కోసారి మెజారిటీని అటునుంచి ఇటు తిప్పేయగలదు. లోయర్ శాక్సనీ కౌంటింగు చూసేవాళ్లు శాతాలతో పాటు నియోజకవర్గాల లెక్కనూ పక్కనే పెట్టుకోవాలనేది అందుకే.

అప్పు ఓట్ల వల్ల నిజంగా నష్టపోయినవాళ్లు వేరే ఉన్నారు. సీడీయూకి వచ్చిన 54 సీట్లూ నియోజకవర్గాలవే కావడంతో పార్టీ జాబితా నుంచి ఒక్కరికీ చోటు దొరకలేదు. జాబితాలో పైవరసలో ఉన్నా, సొంత నియోజకవర్గంలో ఓడినవాళ్లంతా సభ బయటే ఉండిపోయారు.

సరే, లెక్క తేలింది. తర్వాత ఏమవుతుంది? మన దగ్గరైతే అందరి చూపూ రాజ్‌భవన్ మీదే ఉంటుంది. జర్మనీ రాష్ట్రాల్లో గవర్నరే లేడు. ఎవర్ని పిలవాలి, బలం నిరూపించుకోవడానికి ఎన్ని రోజులివ్వాలి అన్న తగాదా పుట్టే చోటే లేదు. ముఖ్యమంత్రిని సభ తానే ఎన్నుకుంటుంది. పాత ప్రభుత్వం అప్పటిదాకా రోజువారీ పనులు చూస్తుంది. ఈలోగా కూటమి పార్టీలు కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి. మాట మాత్రంగా కాదు, శాఖల వారీగా పదుల పేజీల కాగితం. దాన్ని రెండు పార్టీల సదస్సులూ ఆమోదించాలి. ఈ ఒప్పందంలో ఎస్‌పీడీకి ముఖ్యమంత్రి పదవి కాక ఐదు శాఖలు, గ్రీన్స్‌కి నాలుగు: పర్యావరణం, వ్యవసాయం, న్యాయం, ఉన్నత విద్య. లోయర్ శాక్సనీ అంటే కోళ్లు, పందుల పెంపకానికి జర్మనీలోనే పెట్టింది పేరు. అక్కడ వ్యవసాయ శాఖ గ్రీన్స్ చేతికి పోవడం చిన్న విషయం కాదు. హోం శాఖ తీసుకున్న ఎస్‌పీడీ నాయకుడు బోరిస్ పిస్టోరియస్, పదేళ్ల తర్వాత జర్మనీ రక్షణ మంత్రి అయ్యాడు.

అసలు గుండె దడ ఓటింగు రోజున. లోయర్ శాక్సనీ రాజ్యాంగం 29వ అధికరణ ప్రకారం ముఖ్యమంత్రిని చర్చ లేకుండా, రహస్య ఓటుతో, సభలోని మొత్తం సభ్యుల్లో మెజారిటీతో ఎన్నుకోవాలి. మొత్తం సభ్యుల్లో అన్న మాట మీద దృష్టి పెట్టండి. 137లో 69 తప్పనిసరి. గైర్హాజరైనా, ఖాళీ కాగితం వేసినా వ్యతిరేకంగా ఓటేసినట్టే. విప్ పనిచేయదు, ఎవరు ఎటు వేశారో ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాత మంత్రివర్గాన్ని కూడా సభ ఆమోదించాలి. సభ కూడిన 21 రోజుల్లో ఇదంతా కాకపోతే, మరో 14 రోజుల్లో సభను రద్దు చేయాలా వద్దా అన్నది తేల్చాలి. రద్దుకు మెజారిటీ లేకపోతే మళ్లీ ఓటింగు పెట్టి, ఈసారి ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే ముఖ్యమంత్రి.

ఒక్క సీటు మెజారిటీతో రహస్య ఓటింగుకు వెళ్లడం ఎంత ప్రమాదమో ఆ రాష్ట్రానికి బాగా తెలుసు. 1976లో ముఖ్యమంత్రి ఆల్ఫ్రెడ్ కూబెల్ మధ్యలో తప్పుకున్నప్పుడు ఎస్‌పీడీ, ఎఫ్‌డీపీ కూటమికి 78, సీడీయూకి 77. కూటమి నిలబెట్టిన అభ్యర్థికి సొంతవాళ్లే ఓటేయలేదు. అభ్యర్థిని మార్చినా ఫలితం మారలేదు. 77 మంది ఉన్న సీడీయూ నుంచి ఎర్నెస్ట్ ఆల్బ్రెక్ట్ ముఖ్యమంత్రి అయ్యి 1990 దాకా ఏలాడు. ఇప్పుడు యూరోపియన్ కమిషన్‌ను నడుపుతున్న ఉర్సులా ఫొన్ డెర్ లైయెన్ ఆయన కూతురే. ఓటు మార్చినవాళ్లెవరో నేటికీ బయటపడలేదు. పక్కనున్న ష్లెస్విగ్ హోల్‌స్టైన్‌లో 2005 మార్చి 17న ఇలాగే అయింది. ముఖ్యమంత్రి హైడె సిమోనిస్ మళ్లీ ఎన్నిక కావాలంటే 35 ఓట్లు కావాలి. నాలుగుసార్లు ఓటింగు పెట్టారు, నాలుగుసార్లూ 34 దగ్గరే ఆగింది. ఆమె రాజకీయ జీవితం ఆ రోజుతో ముగిసిపోయింది.

2013 ఫిబ్రవరి 19న హానోవర్‌లో కొత్త సభ మొదటిసారి కూడింది. అదే రోజు ఓటింగు. స్టెఫాన్ వైల్‌కు వచ్చినవి 69. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి పెరగలేదు.

ఇక మార్పు ఎక్కడెక్కడ తగిలిందో చూద్దాం. అన్నిటికన్నా ముందు బెర్లిన్‌లో తగిలింది. రాష్ట్ర ప్రభుత్వాల సభ బుండెస్‌రాట్‌లో మొత్తం 69 ఓట్లు. జనాభా 70 లక్షలు దాటిన రాష్ట్రానికి ఆరు, చిన్నవాటికి తగ్గుతూ కనీసం మూడు. మన రాజ్యసభలా ఇక్కడ విడివిడి ఎంపీలు ఉండరు, రాష్ట్ర ప్రభుత్వం తన ఓట్లన్నీ ఒకే వైపు వేయాలి. చీల్చితే చెల్లవు. 2002లో వలస చట్టం మీద బ్రాండెన్‌బర్గ్ మంత్రులు సభలోనే చెరో మాట చెప్పినందుకు రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది. నెగ్గాలంటే 35 ఓట్లు రావాలి, కాబట్టి తటస్థంగా ఉన్నా కాదన్నట్టే లెక్క. కూటమి పార్టీలకు ఏదైనా బిల్లు మీద కుదరకపోతే తటస్థంగా ఉందాం అని ఒప్పందాల్లో రాసుకోవడం జర్మనీలో ఆనవాయితీ.

అప్పుడు కేంద్రంలో ఏలుతున్న చాన్సలర్ మెర్కెల్ కూటమి (అక్కడా సీడీయూ, ఎఫ్‌డీపీలే) 2010లో నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా పోయినప్పుడే బుండెస్‌రాట్‌లో మెజారిటీ పోగొట్టుకుంది. అయినా అవతలివాళ్లకూ మెజారిటీ లేదు. ఎస్‌పీడీ లేదా గ్రీన్స్ నాయకత్వంలో ఉన్న రాష్ట్రాల ఓట్లు ఇవి. బాడెన్ వుర్టెంబర్గ్ ఆరు, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా ఆరు, రైన్‌ల్యాండ్ పలాటినేట్ నాలుగు, ష్లెస్విగ్ హోల్‌స్టైన్ నాలుగు, బ్రాండెన్‌బర్గ్ నాలుగు, హాంబర్గ్ మూడు, బ్రెమెన్ మూడు, కలిపితే 30. లోయర్ శాక్సనీ ఆరు వచ్చి చేరాయి, 36 అయ్యాయి. అడ్డుకోవడం ఒకటి, సొంతంగా తీర్మానం నెగ్గించడం ఒకటి. ఆ రెండింటికీ మధ్య ఉన్న గీతను ఈ ఆరు ఓట్లు దాటించాయి. ఆ రోజు నుంచి ప్రతిపక్షం కేంద్రం చట్టాలను రెండు సభల మధ్య రాజీ కుదిర్చే మధ్యవర్తిత్వ సంఘానికి పంపగలదు, అభ్యంతరం తెలపగలదు, సొంత బిల్లులను పార్లమెంటుకు పంపగలదు.

రెండోది ఫోక్స్‌వాగన్ కార్ల కంపెనీ ఊరు వోల్ఫ్స్‌బర్గ్. ఫోక్స్‌వాగన్‌లో ఈ రాష్ట్రానికి 20 శాతం ఓటు హక్కులున్నాయి. పెద్ద నిర్ణయాలకు అక్కడ 80 శాతం దాటాలి కనుక, రాష్ట్రం కాదంటే ఆగిపోతాయి. కంపెనీ పర్యవేక్షక మండలిలో రాష్ట్రానికి రెండు కుర్చీలు; అప్పట్లో అవి ముఖ్యమంత్రికీ, పరిశ్రమలు, వ్యాపారం చూసే ఎకానమీ మంత్రికీ దక్కేవి. ప్రభుత్వం మారగానే ఆ రెండు కుర్చీల్లోనూ మనుషులు మారారు, వైల్, ఓలాఫ్ లీస్ వచ్చారు. 2015లో కార్ల పొగ పరీక్షల్లో కంపెనీ మోసం చేసిన డీజిల్ కుంభకోణం బద్దలైనప్పుడు ఆ మండలిలో ఉన్నది వీళ్లే. ఆ లీసే 2025 మే నెలలో వైల్ తర్వాత ముఖ్యమంత్రి అయ్యాడు.

మూడోది మన పిల్లలకు నేరుగా తగిలిన విషయం. హానోవర్, బ్రౌన్‌ష్వైగ్, క్లౌస్తాల్ ఈ రాష్ట్రంలోనివే. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సెమిస్టరుకు 500 యూరోల ట్యూషన్ ఫీజు ఉండేది. 2013 నాటికి అలాంటి ఫీజు మిగిలింది బవేరియాలో, ఇక్కడ మాత్రమే. కొత్త ప్రభుత్వం 2014 శీతాకాలపు సెమిస్టరు నుంచి దాన్ని ఎత్తేసింది. జర్మనీలో చదువు ఉచితం అని కన్సల్టెన్సీలు ఒక్క ముక్కలో చెప్పేస్తాయి గానీ, ఆ నిర్ణయం బెర్లిన్‌ది కాదు, ప్రతి రాష్ట్రానిదీ వేరు. బాడెన్ వుర్టెంబర్గ్ 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు సెమిస్టరుకు 1500 యూరోలు పెట్టింది. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో, అక్కడ ఎవరు ఏలుతున్నారో కూడా చూసుకోవాలి.

ఆ ఒక్క సీటు నాలుగున్నరేళ్లు నిలబడింది. 2017 ఆగస్టు 4న గ్రీన్స్ సభ్యురాలు ఎల్కె ట్వెస్టెన్ పార్టీ వదిలి సీడీయూలో చేరుతున్నానని ప్రకటించారు. వచ్చే ఎన్నికలకు ఆమె నియోజకవర్గంలో పార్టీ మరొకరిని ఎంచుకుంది. మనకున్నట్టు పదో షెడ్యూలు, అనర్హత వేటు అక్కడ లేవు. సభ్యుడు తన మనస్సాక్షికే జవాబుదారీ, సీటు పార్టీది కాదు, మనిషిది. కాబట్టి సీటు ఆమెతోపాటే వెళ్లింది. 69 కాస్తా 68, అవతల 68 కాస్తా 69.

అయితే సీడీయూ అప్పటికప్పుడు గద్దెనెక్కలేదు. అక్కడ ముఖ్యమంత్రిని దించాలంటే ఉత్త అవిశ్వాసం చాలదు, అతని స్థానంలో ఇంకొకర్ని మొత్తం సభ్యుల మెజారిటీతో ఎన్నుకోవాలి. ఫిరాయించి వచ్చిన ఒక్క ఓటు మీద, పార్లమెంటు ఎన్నికలకు ఏడు వారాల ముందు ఆ సాహసం చేయకపోవడం తెలివైన పనే. సభను రద్దు చేయడం కూడా తేలిక కాదు, హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆ సంఖ్య మొత్తం సభ్యుల్లో సగం దాటాలి. అంటే రెండు పక్షాలూ కలిసి చేయాల్సిన పని. ఆగస్టు 21న అలాగే చేశారు. రద్దయిన రెండు నెలల్లోపు ఎన్నిక జరగాలి, అక్టోబర్ 15 ఖాయం చేశారు. మామూలుగా అయితే 2018 జనవరి 14న జరగాల్సింది.

ఆ ఎన్నికలో ఎస్‌పీడీకి 36.9 శాతం వచ్చి, 1998 తర్వాత మళ్లీ మొదటి స్థానంలోకి ఎక్కింది. సీడీయూ 33.6 దగ్గర ఆగింది. కానీ గ్రీన్స్ 8.7కు పడిపోయారు. సీట్లు 55, 12. కలిపితే 67, కావాల్సింది మళ్లీ 69. ఎఫ్‌డీపీ వీళ్లతో కలవనంది, గ్రీన్స్ సీడీయూతో కలవమన్నారు. చివరికి నవంబర్ 22న వైల్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు, ఈసారి సీడీయూ మద్దతుతో. ట్వెస్టెన్‌కు ఆ కొత్త సభలో చోటు దక్కలేదు.